చేతులు అక్కర్లేని మౌతార్గాన్ స్టాండు: ఎనిమిది నెలలు వాడాక

నేను సన్నాయి వాయిస్తాను. మా నాన్నదీ తాతదీ కూడా ఇదే వృత్తి. మా బావమరిది నా పక్కన పన్నెండేళ్లు డోలు వాయించాడు. ముహూర్తాలు లేని ఆషాఢంలోనూ మూఢాల్లోనూ కొబ్బరి దింపుకి వెళ్లేవాడు. మా కోనసీమలో ఇలా రెండు పనులు చేసుకునే వాళ్లు చాలామందే ఉంటారు. మూడేళ్ల కిందట అంబాజీపేట దగ్గర ఒక తోటలో, వాన వెలిసిన మర్నాడు, చెట్టు మీంచి జారి పడ్డాడు. మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతింది. ఆపరేషన్ చేసి మెడలో ప్లేట్లు వేశారు. ఇప్పుడు భుజాలు లేస్తాయి, మోచేతులు ముడుచుకుంటాయి. వేళ్లు కదలవు, కాళ్లు లేవవు. డోలు వాయించేటప్పుడు వాడు వేసుకునే వేళ్ల తొడుగులు ఇప్పటికీ గోడ మేకుకే వేలాడుతున్నాయి. తియ్యడానికి మా అత్తగారు ఒప్పుకోరు.

ఈ రివ్యూ వాడి కోసం మా ఊరి లేత్ మేస్త్రి చేసిచ్చిన స్టాండు గురించి. చేతులతో పట్టుకోకుండా మౌతార్గాన్ వాయించుకునే స్టాండు ఇది. ఇలాంటి అవసరం ఉన్న ఇల్లు ఇంకెక్కడైనా ఉంటే, మేము పడ్డ తిప్పలు వాళ్లు మళ్లీ పడకూడదని వివరంగా రాస్తున్నాను.

మౌతార్గానే ఎందుకు? ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడు మూడు బంతులుండే ప్లాస్టిక్ పరికరం ఒకటి ఇచ్చారు. గొట్టంలోంచి గాలి పీలిస్తే బంతులు పైకి లేస్తాయి. ఊపిరితిత్తుల్లో కఫం పట్టకుండా రోజూ చెయ్యాలి. పది రోజులు చేశాడు, పదకొండో రోజు మొహం తిప్పేసుకున్నాడు. "బావా, బంతులు లేపి నేనేం చేసుకోను" అన్నాడు. మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో, డోలు మోగించినవాడికి ఆ బంతులు ఏం ఆనతాయి?

సన్నాయి గానీ వేణువు గానీ ఇద్దామంటే వేళ్లు కావాలి. పైగా ఆ రెండూ ఊదితేనే పలుకుతాయి. మెడ దగ్గర దెబ్బ తగిలినవాళ్లకి ఊపిరి పీల్చే బలం కొంత మిగులుతుంది, ఎందుకంటే పీల్చే పని ఎక్కువగా చేసేది ఊపిరితిత్తుల కింద ఉండే డయాఫ్రం అనే కండరం. గట్టిగా ఊదాలంటే పొట్ట కండరాలు పట్టాలి, అవే పోయాయి. దగ్గు కూడా సరిగా రాదంటే కారణం ఇదే. మౌతార్గాన్ పీల్చినా పలుకుతుంది, ఊదినా పలుకుతుంది. హార్మోనియంలో ఉన్నట్టే లోపల ఇత్తడి రీడ్లు, అంటే గాలి తగిలితే వణికి పలికే పల్చటి రేకులు ఉంటాయి. పది రంధ్రాల దాంట్లో ఊదడానికి పది, పీల్చడానికి పది, మొత్తం ఇరవై. వాయించడానికి వేళ్లు అక్కర్లేదు. వేళ్లు కావలసింది దాన్ని పట్టుకోవడానికే. అంటే మాకు కావలసింది పట్టుకునేది ఒకటి.

మొదట నేను తెచ్చింది తప్పు వాయిద్యం. దుకాణంలో కనిపించిన పొడుగాటి ఇరవై నాలుగు రంధ్రాల ట్రెమొలో రకం తెచ్చాను. ఒక్కో స్వరానికి కొంచెం తేడాగా శ్రుతి చేసిన రెండు రీడ్లు కలిసి మోగుతాయి కాబట్టి నాదం అలలు అలలుగా వస్తుంది, చెవికి ఇంపుగా ఉంటుంది. కానీ రెండు రీడ్లకీ గాలి కావాలి. అందులోనూ ఊదే రంధ్రాలు వేరు, పీల్చే రంధ్రాలు వేరు. ఆ కొస నుంచి ఈ కొసకి తల తిప్పాలంటే మెడలో ప్లేట్లున్న మనిషి వల్ల అయ్యే పని కాదు. దాన్ని పక్కన పెట్టి పది రంధ్రాల డయటోనిక్, అంటే ఒకే శ్రుతిలో ఏడు స్వరాలు పలికే రకం తెప్పించాం. సి శ్రుతి, మనం ఒకటో శ్రుతి అనేది. దీంట్లో రంధ్రానికి రంధ్రానికి మధ్య దూరం ఏడున్నర మిల్లీమీటర్లు. మొదటి దాని నుంచి పదో దానికి ఏడు సెంటీమీటర్లు కూడా ఉండదు. పైగా నాలుగో రంధ్రం నుంచి ఏడో దాని లోపే మధ్య స్థాయి మొత్తం దొరికేస్తుంది. నాలుగు ఊదితే స, పీలిస్తే రి. అయిదు ఊదితే గ, పీలిస్తే మ. ఆరు ఊదితే ప, పీలిస్తే ద. ఏడు దగ్గర మాత్రం వరస తిరగబడుతుంది: పీలిస్తే ని, ఊదితే పై స. రెండున్నర సెంటీమీటర్లు కూడా లేని జాగాలో శంకరాభరణం రాగం మొత్తం కూర్చుంది. ఇది తెలిసిన రోజు మేమిద్దరం గంటసేపు దాని గురించే మాట్లాడుకున్నాం.

పట్టుకోవడానికి ముందు ఆన్‌లైన్‌లో మెడకి తగిలించుకునే హోల్డరు కొన్నాం. గిటారు వాయించేవాళ్లు వేసుకునే రకం. దాని ఆలోచన పాతదే. అమెరికాలో లెస్ పాల్ కుర్రాడిగా ఉన్నప్పుడే గిటారు వాయిస్తూ మౌతార్గాన్ ఊదడానికి మెడకి వేసుకునేది ఒకటి చేసుకున్నాడు. దాంట్లో మౌతార్గాన్ తిప్పుకుని రెండు వైపులా వాయించుకోవచ్చు కూడా. నిటారుగా నిలబడగలిగి, చేతులు పనిచేసి, వదులైన మరని రెండు నిమిషాలకోసారి బిగించుకోగల మనిషికి అది చక్కగా పనికొస్తుంది. మావాడికి మూడూ లేవు. వీల్‌చైర్‌లో కొంచెం వెనక్కి వాలి కూర్చుంటాడు కాబట్టి కమ్మీ ఛాతీ మీంచి జారి గొంతు కింద ఒత్తుకునేది. పదిహేను నిమిషాల్లో మెడ చుట్టూ ఎర్రటి చార పడింది. స్పర్శ తక్కువగా ఉన్న చోట అలాంటి చార పుండుగా మారడానికి ఎంతోసేపు పట్టదు. అమ్మినవాళ్లు నోట్లో పెట్టుకున్న వస్తువు వెనక్కి తీసుకోం అన్నారు. నేనేమీ వాదించలేదు, అటక మీద పడేశాను. వెన్ను దెబ్బ తిన్న మనిషికి మాత్రం దాన్ని కొనకండి.

విదేశాల్లో ఇలాంటివాళ్ల కోసం చేసిన వాయిద్యాలు ఉన్నాయి. నెదర్లాండ్స్‌లో ఒక సంస్థ తెచ్చిన మ్యాజిక్ ఫ్లూట్‌లో తల పైకీ కిందకీ కదిపితే స్వరం మారుతుంది. అమెరికాలో తయారైన జామ్‌బాక్స్‌లో నోటితో గొట్టాన్ని పక్కలకి జరుపుతూ ఊదుతారు. రెండిటి వీడియోలూ మావాడికి చూపించాను. రెండూ ఎలక్ట్రానిక్ వాయిద్యాలే. "అందులో మోగేది మనం కాదు కదా బావా" అన్నాడు. నాకూ అలాగే అనిపించింది. ఊపిరి తగిలి ఇత్తడి వణకాలి, ఆ వణుకు పెదవికి తెలియాలి. పుట్టినప్పటి నుంచీ వాయిద్యాల మధ్య పెరిగినవాళ్లం, ఆ విషయంలో సర్దుకుపోలేం. కానీ నోటితో జరపడం అనే సంగతి మాత్రం నా బుర్రలో ఉండిపోయింది.

అప్పుడు వెళ్లాను మేస్త్రి దగ్గరికి. కాలవ గట్టు మీద రేకుల షెడ్డు, ఒక లేత్, ఒక డ్రిల్లింగ్ మిషను, ఒక వెల్డింగ్ సెట్టు. వరి కోత మిషన్ల షాఫ్టులు, రొయ్యల చెరువుల ఏరియేటర్లు బాగుచేస్తారాయన. నేను చెప్పిందంతా విని, "ముందు మనిషిని చూడాలండీ" అన్నారు. ఆ సాయంత్రమే వచ్చి మావాడి ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చున్నారు. తల ఎంత తిరుగుతుందో, గడ్డం ఎంత దిగుతుందో టేపుతో కొలిచి సిగరెట్ పెట్టె అట్ట మీద రాసుకున్నారు. డాక్టర్లు తప్ప వాడిని అంత శ్రద్ధగా చూసిన మనిషిని ఈ మూడేళ్లలో నేను చూడలేదు.

మొదటి నమూనాలో సొరుగులకి వేసే ఛానల్ మీద మౌతార్గాన్ బిగించి, దాని కిందే గడ్డం ఆనడానికి గిన్నెలాంటిది పెట్టారు. గడ్డంతో నెడితే వాయిద్యం పక్కకి జరుగుతుందని ఆలోచన. జరిగింది. కానీ గడ్డంతో పాటు నోరు కూడా అంతే దూరం జరుగుతుంది కదా! ఎంత జరిపినా నోటి ముందు అదే రంధ్రం. ఎటు తిరిగినా గ, మ తప్ప మూడో స్వరం రాలేదు. ముగ్గురం కాసేపు మాట్లాడలేదు. మేస్త్రి విప్పి సంచిలో పెట్టుకుని, "ఆయ్, వారం టైమివ్వండి" అని వెళ్లిపోయారు.

వారం తర్వాత తెచ్చిందే ఇప్పుడు మేం వాడుతున్నది. వివరంగా చెబుతాను, ఎందుకంటే దీని విలువంతా ఇక్కడే ఉంది. ఒకదాని కింద ఒకటిగా రెండు సన్నని స్టీలు కడ్డీలు. పై కడ్డీ మీద మౌతార్గాన్ జరుగుతుంది, కింది కడ్డీ మీద గడ్డం గిన్నె జరుగుతుంది. కడ్డీల రెండు చివర్లా రెండు చిన్న ఇత్తడి గిలకలు, లేత్ మీద తీసినవే. వాటి చుట్టూ ఒక దారం చుట్టంతా తిరిగి వస్తుంది. దారం పై వరసకి మౌతార్గాన్, కింది వరసకి గిన్నె ముడివేసి ఉంటాయి. నూతి గిలక మీద ఒక బాన దిగుతుంటే రెండో బాన లేచినట్టే ఇదీను. గడ్డం కుడికి సెంటీమీటరు జరిగితే మౌతార్గాన్ ఎడమకి సెంటీమీటరు జరుగుతుంది. అంటే నోటికీ రంధ్రాలకీ మధ్య రెండు సెంటీమీటర్ల తేడా. మెడ పడే కష్టం సగానికి సగం తగ్గిపోయింది. నాలుగో రంధ్రం నుంచి ఏడో దానికి వెళ్లాలంటే ఇప్పుడు గడ్డం సెంటీమీటరు పైచిలుకు జరిగితే చాలు.

మొదట్లో తల ఎటు తిప్పితే ఎటు వెళ్తుందో తెలియక తికమకపడ్డాడు, రెండు రోజుల్లో అలవాటైంది. సొరుగు ఛానల్ గరగరమనే చప్పుడు స్వరంలో కలిసేది. ఇప్పుడు నైలాన్ బుష్‌లు వేశారు కాబట్టి చప్పుడే లేదు. దారం విషయంలో మాత్రం రెండుసార్లు మార్చాల్సి వచ్చింది. మామూలు నైలాన్ గేలపు దారం నెలలో సాగిపోయి, గడ్డం జరిగినా మౌతార్గాన్ ఆలస్యంగా కదిలేది. ఓడలరేవు నుంచి మా చుట్టం తెచ్చిన అల్లిక దారం వేశాక ఆ బాధ పోయింది.

ఇంకొక సంగతి నేను అడగాలని కూడా తెలియనిది. మొదటి వారంలో ఒకరోజు మావాడు వాయిస్తుండగా దగ్గు తెర వచ్చింది. మా ఆవిడ పెరట్లో ఉంది. మొహానికి అడ్డంగా ఇనుము ఉంది, దాన్ని తియ్యడానికి చేతులు లేవు. తల వెనక్కి వాల్చుకుని ఎలాగో గట్టెక్కాడు గానీ ఆ పూట మా అందరికీ చెమటలు పట్టాయి. ఆ సంగతి చెప్పగానే మేస్త్రి మారుమాట లేకుండా స్టాండు చేతిని తలుపు బందు మీద తిరిగేలా మార్చి, బీరువా తలుపులకి వేసే అయస్కాంతం పెట్టారు. వాయించేటప్పుడు కదలదు. మోచేత్తో ఒక్క నెట్టు నెడితే అయస్కాంతం వదిలేసి మొత్తం పక్కకి తిరిగిపోతుంది. ఎవరైనా ఇలాంటిది చేయించుకుంటే మిగతావన్నీ మానేసినా సరే, ఇది మానకండి. మనిషి తనంతట తాను దాని నుంచి బయటపడగలగాలి.

తేమ గురించి చెప్పాలి. చేతులున్నవాళ్లు పాటకి పాటకీ మధ్య మౌతార్గాన్‌ని అరచేతికి కొట్టి ఉమ్మి దులుపుకుంటారు. వీడికి ఆ వీలు లేదు. అందుకే వెనక వైపు కొంచెం ఎత్తుగా, రంధ్రాల వైపు వాలుగా బిగించారు. తడి రీడ్ల మీద నిలవకుండా ముందుకి వచ్చేస్తుంది. రెండు క్లిప్పులకి సైకిల్ ట్యూబు ముక్కలు తొడిగారు కాబట్టి మౌతార్గాన్ ఊడదియ్యడం తేలిక. పూట అయ్యాక మా అత్తగారే తీసి దులిపి ఆరబెడతారు. మా దగ్గర తేమా సముద్రపు గాలీ రెండూ ఉన్నాయి కాబట్టి చెక్క దువ్వెన ఉన్న మౌతార్గాన్ తీసుకోవద్దని నా సలహా. మధ్యలో రీడ్ల పళ్లేలను పట్టి ఉంచే భాగాన్ని దువ్వెన అనే అంటారు. జర్మనీ ట్రాసింగెన్‌లో 1857లో పుట్టిన హోనర్ కంపెనీ వాళ్ల మెరైన్ బ్యాండ్ 1896 నుంచి పేరున్న వాయిద్యమే, నాదం కూడా గొప్పగా ఉంటుంది. కానీ దాని దువ్వెన చెక్క, చెక్క తడికి ఉబ్బుతుంది. మాది ప్లాస్టిక్ దువ్వెన. ఎనిమిది నెలల్లో ఇత్తడి పళ్లేల అంచున కాస్త చిలుం కనిపించింది తప్ప ఇంకేమీ కాలేదు.

గాలి సంగతి మా హార్మోనియం మరమ్మతులాయన పుణ్యం. కొత్తగా వచ్చినప్పుడు రీడుకీ పళ్లేనికీ మధ్య సందు ఎక్కువగా ఉండి, ఊదిన గాలిలో చాలావరకు ఊరికే పోయేది. స, గ, ప నీరసంగానూ రి, మ, ద గట్టిగానూ వినిపించేవి, ఎందుకంటే మావాడికి పీల్చే బలం ఎక్కువ, ఊదే బలం తక్కువ. పాత నాటకాల హార్మోనియాలు బాగుచేసే ఆ పెద్దాయన పల్చటి రేకు ముక్కతో ఊదే రీడ్లను ఒక్కొక్కటిగా కొంచెం కొంచెం కిందకి నొక్కి సందు తగ్గించారు. ఇప్పుడు మెల్లగా ఊదినా షడ్జం, అంటే స, నిలబడుతుంది. కూర్చున్నప్పుడు పొట్టకి బెల్టు బిగిస్తే ఊపిరి ఇంకా బాగా అందుతుందని ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పింది. ఆ తేడా నా చెవికి స్పష్టంగా తెలిసింది.

వాయింపు గురించి. మొదట మోహనం నేర్పాను. మ, ని లేని రాగం కాబట్టి ఏడో రంధ్రం తికమక రాదు. తర్వాత హంసధ్వని. మూడో నెలకి ఇంకో మార్గం దొరికింది. శంకరాభరణంలో మధ్యమాన్ని, అంటే మ ని, షడ్జం చేసుకుంటే కల్యాణి అవుతుంది కదా. అయిదో రంధ్రం పీల్పు దగ్గర మొదలుపెట్టి తొమ్మిదో దాని పీల్పు దాకా వెళ్తే కల్యాణి అక్షరాలా వచ్చేసింది. నాలుగో దాని పీల్పు నుంచి మొదలుపెడితే ఖరహరప్రియ. ఇలా షడ్జాన్ని మార్చి ఇంకో రాగం తియ్యడాన్ని గ్రహభేదం అంటారు, మేం చిన్నప్పుడు నోటితో వల్లె వేసిందే. ఈ గుప్పెడంత వాయిద్యంలో అది ఇలా పనికొస్తుందని ఎప్పుడూ అనుకోలేదు.

ఇక మాయామాళవగౌళ. సంగీతంలో మొదటి పాఠాలైన సరళీ వరుసలు ఎవరైనా ఈ రాగంతోనే మొదలుపెడతారు, మావాడికీ అదే కోరిక. దానికి కావలసిన శుద్ధ రిషభం, శుద్ధ ధైవతం, అంటే అరమెట్టు తక్కువుండే రి, ద, ఈ సి మౌతార్గాన్‌లో లేవు. కానీ పీల్చేటప్పుడు నాలుకని వెనక్కి లాగి, నోటి లోపలి జాగా మారిస్తే స్వరం అరమెట్టు కిందకి వంగుతుంది. నాలుగో పీల్పు వంచితే శుద్ధ రిషభం, ఆరో పీల్పు వంచితే శుద్ధ ధైవతం. ఆ రెండే కదా కావలసింది! దీనికి చేతులతో పనే లేదు, అంతా నోటి లోపలే. నాలుగు నెలలు పట్టింది. మొన్న కార్తీక సోమవారం సాయంత్రం స రి గ మ ప ద ని స ఆరోహణ అవరోహణ తప్పు లేకుండా వాయించాడు. రిషభం ఇంకా ఒక్కోసారి పైకి జారుతుంది. గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ పలికించడం, మాత్రం నిజంగా గమకంలాగే వస్తోంది, మెట్టు మెట్టుగా కాదు. డోలు మీద చేతులతో చేసిన పనిని ఇప్పుడు నాలుకతో చేస్తున్నాడు.

లోటు ఒకటి ఉంది. చేతులతో వాయించేవాళ్లు వెనక దోసిలి పట్టి, తెరిచి మూసి నాదాన్ని గుండ్రంగా చేస్తారు. దానికి బదులు మేస్త్రి సగం కొబ్బరి చిప్ప నున్నగా అరగదీసి వెనక బిగించారు. నాదం కొంచెం మెత్తబడింది, నిజమే. కానీ తెరిచి మూసే వీలు లేదు కాబట్టి ఒకటే రంగు. ముంజేతికి దారం కట్టి చిప్పని లాగే ఏర్పాటు ఒకటి ప్రయత్నించాం. చెయ్యి లాగినప్పుడల్లా భుజం కదిలి గడ్డం కూడా కదిలిపోతోంది, తీసేశాం. పైగా వానాకాలంలో చిప్ప లోపల బూజు పడుతుంది, వారానికోసారి తుడవాలి. ఇంకోటి, బరువు. వీల్‌చైర్ చేతికి బిగించే భాగం చదరం ఇనప గొట్టం కావడం వల్ల మొత్తం స్టాండు రెండు కిలోలు దాటింది. మైకులకి వాడే వంగే మెడ పెడితే తేలికే, కానీ గడ్డం తోసిన ప్రతిసారీ వంగిపోయింది. బరువే నయం అనుకున్నాం.

మేస్త్రి పుచ్చుకున్నది మూడు వేల ఎనిమిది వందలు. అందులో మార్పులన్నీ కలిసే ఉన్నాయి. మౌతార్గాన్ ఖర్చు వేరు. చేసిన పనికి ఇది చాలా తక్కువని నా అభిప్రాయం, ఆయనతో కూడా అదే అన్నాను. పని నాణ్యతకి నేను పదికి తొమ్మిది ఇస్తాను. ఆ ఒక్కటీ చిప్ప గురించి తగ్గించాను.

బంతుల పరికరం మళ్లీ బయటికి వచ్చింది. మావాడే అడిగి తెప్పించుకున్నాడు. పొద్దున్న అది చేస్తే సాయంత్రం షడ్జం ఎక్కువసేపు నిలుస్తోందట. ఎనిమిది నెలల కిందట ఒక బంతే లేచేది, ఇప్పుడు రెండు నిలబడి మూడోది ఊగుతోంది. ఒకేసారి ఇరవై నిమిషాలు దాటి వాయించనివ్వం. దాటితే కళ్లు తిరుగుతాయి.

మీ ఊళ్లో లేత్ షాపుకి వెళ్లేవాళ్లు ఈ కొలతలు పట్టుకెళ్లండి: కూర్చునే కుర్చీలోనే కూర్చోబెట్టి కొలిచిన నోటి ఎత్తు, గడ్డానికీ పెదవులకీ మధ్య దూరం, మెడ నొప్పి లేకుండా గడ్డం ఎడమకీ కుడికీ ఎంత జరుగుతుందో అది. పొద్దున్న ఒకసారి, సాయంత్రం ఒకసారి కొలవండి. మావాడికి సాయంత్రానికి అర సెంటీమీటరు తగ్గిపోతుంది. సాయంత్రం కొలతకే చేయించండి. దారం మాత్రం మూడు నెలలకోసారి బిగించాలి, ఆ మర వెనక వైపు, గిలక పక్కన పెట్టమని చెప్పండి. మాది ముందుంది, గడ్డానికి తగులుతోంది. వచ్చే వారం మార్పించాలి.